పసిబిడ్డల తల్లులను వరండా నుంచి గుడిలోకి పిలవాలి

పసిబిడ్డ ఏడుపు ఆరాధనకు ఆటంకమనే భావన హైదరాబాదు పాతబస్తీ క్రైస్తవ సంఘాల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, ఆదివారం ఉదయం బిడ్డ గొంతు విప్పగానే, ఎవరూ నోరు తెరవనక్కర లేకుండా, తలుపు దగ్గర నిలబడిన పెద్దమనిషి చూపుకే తల్లి లేచి వరండాలోకి నడుస్తోంది. అక్కడ ఒక ప్లాస్టిక్ కుర్చీ, గోడకు చిన్న స్పీకరు, పక్కన చెప్పుల గుట్ట ఉంటాయి. ఏడాది, రెండేళ్లు, మరో కాన్పు అయితే ఇంకో రెండేళ్లు ఆమె ఆరాధన అక్కడే సాగుతుంది. కొన్ని చోట్ల దీనికి 'తల్లుల సౌకర్యం' అని పేరు. పేరు పెట్టిన కమిటీలో తల్లులెందరున్నారో విచారించదగినది.

ఇటీవల ఒక సంఘంలో ప్రభు భోజన సంస్కారం, అనగా రొట్టె ద్రాక్షరసాలతో క్రీస్తు మరణాన్ని జ్ఞాపకం చేసుకునే ఆరాధన, జరిగిన ఆదివారం, తొమ్మిది నెలల బిడ్డను వరండాలో జోకొట్టి నిద్రపుచ్చి ఒక తల్లి లోపలికి వచ్చేసరికి సంస్కారం ముగిసి బల్ల మీద తెల్లగుడ్డ కప్పేశారు. ఈ కరపత్రానికి అదే కారణం.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన మన దక్షిణ ఇండియా సంఘం శిశు బాప్తిస్మాన్ని, అంటే నమ్మిక తెలుపలేని పసివారికి తల్లిదండ్రుల విశ్వాసాన్ని బట్టి ఇచ్చే బాప్తిస్మాన్ని, అంగీకరించిన సంఘం. నీళ్లు చిలకరించి సంఘ సభ్యుడని ప్రకటించిన బిడ్డనే మరుసటి ఆదివారం సభకు అడ్డమని బయటికి పంపడం ఏ క్రమంలోనూ లేదు. ద్వితీయోపదేశకాండం 31వ అధ్యాయం ధర్మశాస్త్రం వినడానికి పురుషులతో, స్త్రీలతో పాటు పిల్లలను కూడా పోగుచేయమంటుంది. యోవేలు గ్రంథం రెండవ అధ్యాయం పాలు తాగే బిడ్డలను సైతం ఉపవాస సమాజానికి పిలుస్తుంది. సువార్తల్లో యేసు కోపగించుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కించవచ్చు. వాటిలో ఒకటి, మార్కు 10వ అధ్యాయంలో, బిడ్డలను తెచ్చినవారిని అడ్డుకున్న స్వంత శిష్యుల మీదే.

పిల్లలకు సండే స్కూలు ఉంది కదా అనే జవాబు చరిత్ర తెలియని జవాబు. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టరులో రాబర్ట్ రైక్స్ ఈ బడులకు ప్రాచుర్యం తెచ్చినది వారమంతా పనిలో నలిగే పేద పిల్లలకు సెలవునాడు చదువు చెప్పించడానికి. పాఠం ముగించి ఆ పిల్లలను ఆరాధనకు తీసుకువెళ్లేవారు. ఇక కూర్చునే తీరు చూస్తే, తెలుగు నేల మీద తొలి పల్లె గుళ్లలో చాలావాటికి బెంచీలే లేవు; జనం చాప మీదే కూర్చునేవారు. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య నిజాం రాజ్యంలోని దోర్నకల్‌ను కేంద్రంగా చేసుకొని పనిచేసిన పల్లె సంఘాల్లో, చదువు రానివారు ప్రార్థనలు, విశ్వాస ప్రమాణం, కీర్తనలు విని, పాడి కంఠస్థం చేసేవారు. చాప మీద కూర్చున్న తల్లి ఒడిలో బిడ్డ పాలు తాగుతుంది, పొర్లుతుంది, నిద్రపోతుంది. బెంచీ మీద ఆ వెసులుబాటు లేదు. బెంచీ తెచ్చిన ఇబ్బందికి బిడ్డను తప్పుపట్టడం అన్యాయం.

ఇక నిశ్శబ్దం సంగతి. ఏ గుడిలోనైతే కీబోర్డు, డ్రమ్ములు, మనిషెత్తు సౌండు బాక్సులు రెండు కలిసి కిటికీ అద్దాలను వణికిస్తున్నాయో, ప్రసంగీకుడు మైకును నోటికి ఆనించి అరుస్తున్నాడో, ఆ గుడిలో తొమ్మిది నెలల బిడ్డ గొంతు మాత్రమే శబ్ద కాలుష్యంగా లెక్కకు వస్తోంది. గంటకు పైగా సాగే వాక్యోపదేశంలో గురక పెట్టే పెద్దలను ఎవరూ వరండాకు పంపరు; కానుకల వేళ ఫోను మోగించుకున్నవారికి చూపుల శిక్ష లేదు. కాబట్టి ఇది శబ్దం మీద అభ్యంతరం కాదు. ఎదురు చెప్పలేనివారి మీద చెల్లుబాటయ్యే అధికారం. అందులోనూ పురుషులు ఒక వైపు, స్త్రీలు ఒక వైపు కూర్చునే ఆచారం వల్ల తండ్రి చేతులు ఖాళీగా ఉంటాయి, బిడ్డ భారం పూర్తిగా తల్లిదే అవుతుంది. బిడ్డ ఏడిస్తే తండ్రి తల తిప్పి చూసి మళ్లీ పాటల పుస్తకంలో తల దూరుస్తాడు. లాల్ దర్వాజ బోనాలకు, మొహర్రం పదో నాడు డబీర్‌పురా నుంచి బయల్దేరే బీబీ కా ఆలం ఊరేగింపుకు ఇదే బస్తీ తండ్రులు పిల్లలను భుజాల కెత్తుకొని వస్తారు. ఆ బిడ్డల కేకలకు అక్కడ ఎవరి భక్తీ చెదరడం లేదు.

పిల్లలు పాడుచేస్తారు, పరుగెడతారు, బల్ల గుడ్డ లాగుతారు అనే మాటలకు ఎక్కువ సమాధానం అవసరం లేదు, గుడ్డ ఉతుక్కోవచ్చు. 2014 జనవరిలో వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో 32 మంది శిశువులకు బాప్తిస్మమిచ్చిన పోప్ ఫ్రాన్సిస్, బిడ్డ ఆకలితో ఏడిస్తే అక్కడే పాలివ్వమని తల్లులకు చెప్పారు. మైకలాంజెలో చిత్రాల కింద పనికొచ్చిన మర్యాద పాతబస్తీ రేకుల కప్పు కింద ఎందుకు పనికిరాదో కమిటీలే చెప్పాలి.

చేయవలసిన పని ఖర్చుతో కూడినది కాదు. ముందు వరుసల పక్కన ఒక చాప పరచాలి, పిల్లలు పాస్టరు ముఖం చూడగలిగే చోట, ఎందుకంటే వెనుక నుంచి వీపులే కనిపించే బిడ్డకు విసుగు త్వరగా వస్తుంది. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చునేందుకు కొన్ని వరుసలు విడిచిపెట్టాలి, బిడ్డ తండ్రి ఒళ్లోకి మారేలా. స్త్రీల మైత్రి (సంఘంలోని మహిళల బృందం) సభ్యుల్లో ఇద్దరు ప్రతి ఆదివారం తల్లి పక్కన కూర్చొని రెండో బిడ్డను ఎత్తుకోవాలి. సంస్కారం రోజున, బయట ఎవరైనా మిగిలారా అని చూసి, రొట్టెను, పాత్రను వరండాకు తీసుకువెళ్లి అందించిన తరువాతే బల్ల మీద గుడ్డ కప్పాలి. తలుపు దగ్గరి పెద్దమనిషికి ఆ రోజు వేరే పని అప్పగించాలి. చెప్పులు సర్దేవారు ఎప్పుడూ తక్కువే.