చలి పాటలు

మొన్న సంక్రాంతికి మా అన్నయ్య కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. మిల్వాకీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. రెండేళ్ల తర్వాత ఇదే రావడం. భోగి ముందు రోజు రాత్రి భోజనాలయ్యాక అందరం హాల్లో చేరాం. "బాబాయ్, పాటల గురించి రాస్తావుగా, ఇది విను" అంటూ అరచేతిలో పట్టేంత స్పీకరొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

గిటారు మెల్లగా మొదలైంది. ఆ వెనకే ఒక మగ గొంతు. మగ గొంతని వాడు చెబితేనే తెలిసింది. మన సంగీతంలో దొంగ గొంతంటామే, అలా పైస్థాయిలో, గాలి కలిసిపోయినట్టు, పక్కవాళ్లకు నిద్రాభంగం కాకుండా పాడుకుంటున్నట్టు ఉంది.

మా ఇంట్లో అభిప్రాయాలకు కరువు లేదు. "పాపం, ఆ అబ్బాయికి జలుబు చేసిందా?" అంది అమ్మ. "తొమ్మిది పాటలన్నావు, ఇంకా మొదటిదే నడుస్తోందా?" అన్నాడు అన్నయ్య. అప్పటికి మూడోది నడుస్తోంది! మా అమ్మాయి ఆవలించింది. "గిన్నెలు సర్దుకుంటూ వింటే బాగానే ఉంది" అని వంటింట్లోంచి మా ఆవిడ తీర్పు. వదిన మాత్రం ఏమీ అనలేదు.

ఆ ఆల్బమ్ పేరు 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో'. పాడింది బోన్ ఈవేర్. అది మనిషి పేరు కాదు, జస్టిన్ వెర్నన్ అనే ఆయన పెట్టుకున్న పాటల పేరు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓ క్లేర్ ఆయన సొంతూరు. మిత్రులతో కలిసి బ్యాండు కట్టి, దూరాన నార్త్ కరోలినాకు కాపురం మార్చారు. 2006లో ఆ బ్యాండు విడిపోయింది. ప్రేమా చెడింది. పైగా జబ్బు చేసి కాలేయానికి పాకింది. ఇక అక్కడ ఉండలేక కారెక్కి సొంత రాష్ట్రానికి వచ్చేశాడు. వాళ్ల నాన్నకు అడవిలో వేటకెళ్లినప్పుడు ఉండే కొయ్య ఇల్లొకటి ఉంది. ఆ చలికాలమంతా, దాదాపు మూడు నెలలు, అందులో ఒంటరిగా ఉన్నాడు. కట్టెలు కొట్టుకోవడం, జింకను వేటాడి వండుకోవడం, మిగిలిన వేళంతా పాట.

ఆల్బమ్ చేద్దామని వెళ్లలేదాయన. చేతిలో ఉన్నది పాత గిటారు, వేదికల మీద కనిపించే రకం మామూలు మైకు, ఒక కంప్యూటరు. ఒకసారి పాడి, దాని మీద మళ్లీ తనే పాడి, దాని మీద ఇంకోసారి... అలా ఒక్క మనిషే బృందమైపోయాడు. నమూనాగా ఉంచుకుందామనుకున్న ఆ పాటల్ని విన్న మిత్రులు ఇలాగే బయటపెట్టమన్నారు. 2007లో సొంతంగా ఓ 500 సీడీలు వేయించాడు. 2008 ఫిబ్రవరిలో జాగ్‌జాగ్వార్ అనే చిన్న కంపెనీ దాన్ని విడుదల చేసింది. పెద్ద కంపెనీల అండ లేకుండా వచ్చే ఇలాంటి సంగీతాన్నే ఇండీ అంటారు.

పేరుకో చిన్న కథ ఉంది. జబ్బుతో మంచాన ఉన్నప్పుడు ఆయనో టీవీ సీరియల్ చూశాడు. అందులో తొలి మంచు కురిసిన రోజున ఊరి జనం బయటికొచ్చి ఫ్రెంచిలో 'మంచి చలికాలం' అని ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటారు. మనం సంక్రాంతికి చెప్పుకున్నట్టు. ఆ మాటే అక్షరం మారి బోన్ ఈవేర్ అయింది.

ఇక ఎక్కువమంది చేసే ఫిర్యాదు: మాటలు అర్థం కావు. మనకేనా అనుకుంటే పొరపాటు, ఇంగ్లిష్ ఇంట్లో పుట్టినవాళ్లదీ అదే ఫిర్యాదు. కారణముంది. మన సినిమా పాటల్లో చాలావాటికి బాణీ ముందు, మాట తర్వాత. సంగీత దర్శకుడు 'తననా' అని ఇస్తే ఆ కొలతకు కవి మాటలు కూరుస్తాడు. వెర్నన్‌దీ అదే వరస. ముందు అర్థం లేని శబ్దాలతోనే రాగం పాడి రికార్డు చేసుకున్నాడు. తర్వాత వాటినే పదేపదే వింటూ, అందులో తనకు ఏ మాట వినిపిస్తే అది రాసుకున్నాడు. మన కవికైతే సందర్భం చెప్పే దర్శకుడుంటాడు. ఎవరు అలిగారు, ఎవరు బతిమాలాలి అని. ఇక్కడ ఆ చెప్పేవాడు లేడు. అందుకే ఆ పాటల్లో కథ ఉండదు, వాతావరణం ఉంటుంది.

అమెరికా శ్రోతలూ మా ఇంట్లోలాగే చీలిపోయారు. ప్రాణం లేచొచ్చిందన్నవాళ్లున్నారు. పాటలకంటే కొయ్య ఇంటి కథే ఎక్కువ అమ్ముడైందని విసుక్కున్నవాళ్లున్నారు. 2012 ఫిబ్రవరిలో గ్రామీల్లో ఉత్తమ నూతన కళాకారుడి బహుమతి ఆయనకొస్తే, అసలితనెవరని ఇంటర్నెట్ నిండా ప్రశ్నలే. అప్పటికి తొలి ఆల్బమ్ వచ్చి నాలుగేళ్లు! అదే నెల ఓ టీవీ హాస్య కార్యక్రమంలో గాయకుడు జస్టిన్ టింబర్లేక్ ఈయన వేషం కట్టి, పసిపాపకు జోలపాడుతూ పాడుతూ తనే నిద్రపోయాడు. మా అమ్మాయి ఆవలింత అంతర్జాతీయమైనదే!

నా మాటా చెప్పేస్తాను. పగలు, నలుగురి మధ్య వింటే అన్నయ్య అన్నది నిజమే, అన్నీ ఒకటే పాటనిపిస్తాయి. రాత్రి ఒక్కరే, చెవిలో పెట్టుకుని, సన్నగా, వరుసగా వినాలి. మొత్తం 37 నిమిషాలు. నాలుగో పాటలో ఒక్క గొంతు ఎన్నో గొంతులై చివరికి గోలగోలగా విరిగిపడుతుంది. ఎనిమిదో పాటలో బూరలు మోగుతాయి, తలుపు తెరిచి ఎవరో లోపలికొచ్చినట్టు. ఆఖరి పాటలో మళ్లీ గిటారు, మనిషి. అంతే.

ఆ రాత్రి ఆ ఆఖరి పాట అయ్యేసరికి హాల్లో ముగ్గురమే మిగిలాం. అప్పుడడిగింది వదిన, "ఇవి ఎప్పుడు వినేవాడివిరా?" అని.

"వెళ్లిన మొదటేడు. డిసెంబర్లో. రూమ్మేట్లంతా సెలవులకి పోయారు. సాయంత్రం నాలుగున్నర కాకుండానే చీకటి. బయట మంచు. ఏం చేయాలో తోచేది కాదు. రోజూ ఇదే పెట్టుకునేవాణ్ని."

"మరి ఫోన్ చేస్తే బాగున్నానన్నావు?"

"ఏం చెప్పమంటావమ్మా?" అన్నాడు వాడు, స్పీకరు వైర్ చుట్టుకుంటూ.

వదిన మరేమీ అడగలేదు. మేమంతా గంటసేపు ఆ గాయకుడి గొంతు మీద తీర్పులిచ్చాం. వాడు మాకు వినిపించాలనుకున్నది ఆ గొంతేనా? అది ఆమె ఒక్కతే పట్టుకుంది. పిల్లలు ఏదైనా తెచ్చి వినమంటే, 'ఏముంది ఇందులో' అనే మాట మన నోట ఎంత తొందరగా వస్తుందో! 'ఇది నీకెక్కడ దొరికింది' అని అడగడానికి అంతకన్నా ఎక్కువ సమయమేం పట్టదు.

వాడు వెళ్లి నెలయింది. నిన్న అన్నయ్యగారింటికి వెళ్తే వదిన పప్పు పోపు వేస్తోంది. పక్కన ఫోన్లో సన్నగా అదే గొంతు. "వాడితో ఎక్కించుకున్నాను, ఆ చలి పాటలు" అంది. "మాటొక్కటి అర్థం కాదనుకో. అక్కడ ఇవాళ మైనస్ పన్నెండట."

లోపలి గదిలోంచి అమ్మ కేకేసింది. "ఆ అబ్బాయికింకా జలుబు తగ్గలేదుటే?"