ఇంజినీరింగ్ నుంచి అమ్మకాల్లోకి: ప్రీసేల్స్ దారి

ఒక బ్యాంకు తన కోర్ సాఫ్ట్‌వేర్‌ను మార్చాలంటే నిర్ణయం ఒక్కరి చేతిలో ఉండదు. వేగం ఎంతని ఐటీ విభాగం, డేటా ఎక్కడ ఉంటుందని భద్రతా విభాగం, పెట్టిన ఖర్చు ఎప్పటికి తిరిగొస్తుందని ఆర్థిక విభాగం ఆరా తీస్తాయి. బేరం నెలల తరబడి నడుస్తుంది. అందుకే ఇలాంటి అమ్మకాన్ని సాధారణంగా ఇద్దరు పంచుకుంటారు. ధర, ఒప్పందం, అమ్మకపు టార్గెట్ అనేవి అకౌంట్ ఎగ్జిక్యూటివ్ బాధ్యత. సాంకేతిక సందేహాలు తీర్చడం ప్రీసేల్స్ ఇంజినీరు పని. ఇంజినీరింగ్ నుంచి అమ్మకాల్లోకి రావాలనుకునేవారికి దగ్గరి దారి ఈ రెండో కొలువే.

ఈ పని కొత్తదేమీ కాదు. ఒకప్పుడు ఐబీఎం కంప్యూటరు తీసుకున్నవారికి సిస్టమ్స్ ఇంజినీర్ల సేవలు కూడా ఆ ధరలోనే అందేవి. 1969లో ఆ సంస్థ సాఫ్ట్‌వేర్‌కూ సేవలకూ విడిగా ధర కడుతున్నట్లు ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ స్వతంత్ర వ్యాపారంగా ఎదగడానికి ఆ నిర్ణయం ఊతమిచ్చింది. కంటికి కనిపించని సరుకును అమ్మాలంటే, దాని లోపలి సంగతులు తెలిసినవారు కొనేవారి ఎదుట కూర్చోక తప్పదు.

కస్టమర్ అవసరాన్ని ఆరా తీయడం, డెమో చూపడం, కస్టమర్ డేటాతోనే పైలట్ నడపడం, టెండరులోని సాంకేతిక ప్రశ్నలకు జవాబులు రాయడం ఈ కొలువులోని ప్రధాన పనులు. వీటిలో మొదటిదే కీలకం, ఇంజినీర్లు తరచూ తడబడేదీ అక్కడే. ప్రశ్న పూర్తికాకముందే పరిష్కారం చెప్పేస్తారు. అడగని ఫీచర్లన్నీ ఏకరువు పెడతారు. అమ్మకాల పరిశోధకుడు నీల్ రాకమ్ బృందం 35 వేల అమ్మకపు సంభాషణలను పరిశీలించింది. ఆ ఫలితాలతో 1988లో వచ్చిన ‘స్పిన్ సెల్లింగ్’ పుస్తకం పెద్ద అమ్మకాలకు వాక్చాతుర్యం కన్నా సరైన ప్రశ్నలే ముఖ్యమని తేల్చింది. సమస్య ఏమిటి, దానివల్ల నష్టం ఎంత, అది తీరితే లాభం ఏమిటి అని వరుసగా అడగడం ఇంజినీరుకు చేతకాని విద్య కాదు. బగ్ మూలాన్ని వెతికేటప్పుడు చేసేదీ ఇదే. కాకపోతే ఇక్కడ వెతకాల్సింది కోడ్‌లో కాదు, సంస్థ పనితీరులో. ‘ఈ పని మా ఉత్పత్తి చేయలేదు’ అని ముందే చెప్పగలిగే ఇంజినీరు మాటకు తర్వాత విలువ పెరుగుతుంది.

జీతం లెక్క కూడా మారుతుంది. ఉత్పత్తి సంస్థల్లో అకౌంట్ ఎగ్జిక్యూటివ్ ఆదాయంలో దాదాపు సగం టార్గెట్‌తో ముడిపడి ఉండటం సాధారణం. ప్రీసేల్స్‌లో స్థిర జీతం వాటా ఎక్కువ. ఇంటి రుణం వాయిదా ప్రతి నెలా కట్టాల్సిన కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు. పైగా ఫలితం ప్రతిభను బట్టే రాదు. కేటాయించిన ప్రాంతం, కస్టమర్ బడ్జెట్ కూడా దాన్ని శాసిస్తాయి.

ఈ దారిలో ఎదిగినవారు ఉన్నారు. సాఫ్ట్‌వేర్ సంస్థ ఫ్రెష్‌వర్క్స్ స్థాపకుడు గిరీష్ మాతృభూతం ఇంజినీరింగ్ చదివి, జోహోలో ప్రీసేల్స్‌తో మొదలుపెట్టారు. అయితే పని ఎక్కడ ఉంటుందో కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ కేంద్రాలకు కొదవ లేదు. కానీ కొనేవారి విషయానికొస్తే, పెద్ద బ్యాంకుల కేంద్ర కార్యాలయాలు ఎక్కువగా ముంబయిలో, కేంద్ర ప్రభుత్వ శాఖలు ఢిల్లీలో ఉన్నాయి. కాబట్టి ఈ రంగంలోకి వచ్చేవారు ప్రయాణాలకూ, ఊరు మారడానికీ సిద్ధపడాలి.

కొన్నేళ్లు ఉత్పత్తిపై పనిచేసి, అదే సంస్థలో ప్రీసేల్స్‌కు మారడం అన్నిటికన్నా తక్కువ నష్టభయం ఉన్న మార్గం. ఉత్పత్తి మీద పట్టు అప్పటికే ఉంటుంది. కొత్తగా నేర్వాల్సింది కస్టమర్ మాట వినడమే. టార్గెట్ ఒత్తిడిని దగ్గరగా చూశాక, అకౌంట్ ఎగ్జిక్యూటివ్ బాధ్యత తీసుకోవాలో వద్దో తేల్చుకోవచ్చు.