పిట్‌బుల్‌ని కొనేది కొడుకు, పట్టుకునేది అమ్మ

2022 జులై. మా హాల్లో రెండు సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. ఆగస్టులో మావాడి అమెరికా ప్రయాణం. కందిపొడి, గోంగూర పచ్చడి, ప్రెషర్ కుక్కరు తూకం చూసుకుంటూ సర్దుతున్నాను. పక్కనే చల్లటి గచ్చుకి పొట్ట ఆనించి భీముడు పడుకున్నాడు. భీముడు మా పిట్‌బుల్. అప్పటికింకా రెండేళ్ళు నిండలేదు, 28 కిలోలు తూగుతున్నాడు.

ఆ రోజుల్లోనే పేపర్లో లక్నో వార్త వచ్చింది. కైసర్‌బాగ్‌లో 80 ఏళ్ళు దాటిన ఒక రిటైర్డ్ టీచర్‌ని ఆమె ఇంట్లోనే పెరిగిన పిట్‌బుల్ కరిచి చంపింది. కుక్క కొడుకుది. ఆ సమయానికి కొడుకు ఇంట్లో లేడు.

నేనూ రిటైర్డ్ టీచర్నే. 34 ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఆ పేపరు మడిచి బీరువాలో చీరల కింద పెట్టాను. మావారికి చూపించలేదు. మావాడు సంతోషంగా వెళ్తున్న వేళ ఇంట్లో గొడవ ఎందుకనుకున్నాను. అలా అనుకోవడం నా తప్పు. ఆ పూటే వాణ్ణి కూర్చోబెట్టి, నువ్వు వెళ్ళాక ఈ కుక్క ఎవరిది అని అడగవలసింది.

భీముడు మా ఇంటికి 2020 నవంబరులో అట్టపెట్టెలో వచ్చాడు. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పని చేస్తున్న మావాడు ఎవరి దగ్గరో 25 వేలు పెట్టి కొన్నాడు. "నువ్వేం చెయ్యక్కర్లేదమ్మా, అన్నీ నేనే చూసుకుంటా" అన్నాడు. పిల్లకి 45 రోజులు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. మాకు అవేమీ తెలియవు, అతను చెప్పలేదు. మీ గోడ ఎంత ఎత్తు, పగలు ఇంట్లో ఎవరుంటారు, మీ అమ్మగారి వయసెంత అని అతను ఒక్క ప్రశ్న అడగలేదు. డబ్బు ఫోన్లో పడింది, పిల్ల చేతికొచ్చింది.

మావాణ్ణి నేను తప్పు పట్టడం లేదు. ఉన్నన్నాళ్ళూ బాగా చూసుకున్నాడు. పొద్దునా సాయంత్రం తనే తిప్పాడు, టీకాలు తనే వేయించాడు. కానీ 25 ఏళ్ళ కుర్రాడి జీవితం రెండేళ్ళలో మారుతుంది. ఉద్యోగం, పైచదువు, పెళ్ళి, ఏదో ఒకటి వాణ్ణి ఇల్లు కదిలిస్తుంది. పిట్‌బుల్ 12 నుంచి 14 ఏళ్ళు బతుకుతుంది. ఈ లెక్క నాకైనా తట్టి ఉండాల్సింది.

మా ఇల్లు హైదరాబాద్‌లో, సైనిక్‌పురి దాటాక వచ్చే ఒక కాలనీలో ఉంది. 2023 జనవరిలో ఒక ఉదయం గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి వెళ్తూ గేటు దగ్గరగా వేశాడు. గడియ పెట్టుకోవలసింది నేను. బండ లోపలికి దొర్లించుకునే హడావుడిలో మరిచిపోయాను. భీముడు ముక్కుతో గేటు తోసుకుని బయటికి పోయాడు. కానుగ చెట్టు కింద పడుకునే తెల్ల వీధికుక్క మెడ కింద చర్మం పట్టుకున్నాడు. మొరగలేదు, గుర్రుమనలేదు. పట్టుకుని అలా నిలబడ్డాడు. కేకలన్నీ ఆ తెల్లకుక్కవి, నావి.

నలుగురు పోగయ్యారు. ఒకరు బకెట్‌తో నీళ్ళు కుమ్మరించారు, ఒకరు కర్రతో వీపు మీద కొట్టారు. దెబ్బ పడినకొద్దీ భీముడి పట్టు బిగుస్తోంది. అప్పుడు మూడిళ్ళ అవతలి సుబేదార్ గారు బనీను మీదే పరిగెత్తుకొచ్చారు. ఆయన సైన్యంలో కుక్కల్ని చూసిన మనిషి, మీరట్‌లో శిక్షణ పొందారు. "కొట్టొద్దు, లాగొద్దు, చర్మం చిరుగుతుంది" అని అరిచి, "అమ్మా, గట్టి చెక్క ఏదైనా ఇవ్వండి" అన్నారు. వంటింట్లోకి పరిగెత్తితే చేతికి దొరికింది పప్పుగుత్తి. ఆయన భీముణ్ణి రెండు మోకాళ్ళ మధ్య బిగించి, మెడపట్టీ పట్టుకుని, పప్పుగుత్తి కాడని దవడ పళ్ళ వెనక సందులోకి దూర్చి మెల్లగా తిప్పారు. నోరు వదులైంది. అరనిమిషం పని. చెయ్యి తెలియనివాళ్ళు ఈ పనికి దిగితే వేళ్ళు పోతాయి, అందుకే ఇది చూసి నేర్చుకోమని చెప్పను. ఆ తెల్లకుక్కకి 11 కుట్లు పడ్డాయి. బతికింది. దాని వైద్యం నేనే చేయించాను, ఇప్పటికీ రెండు పూటలా అన్నం నేనే పెడుతున్నాను.

ఆ సాయంత్రం సుబేదార్ గారు వచ్చి మా ఇంట్లో కాఫీ ముట్టుకోకుండా, "గేటు చూపించండమ్మా" అన్నారు. భీముడి వైపు చూడనే లేదు. గేటు చూశారు, గోడ చూశారు, గోడ పక్క వరసగా పెట్టిన పూలకుండీలు చూశారు. "ఇవి వాడికి మెట్లు" అన్నారు. కుండీలు మేడ మీదికి పోయాయి. గేటుకి లోపల నాలుగడుగుల దూరంలో రెండో గేటు పెట్టించాం. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. కొరియర్ వచ్చినా, పాల అబ్బాయి వచ్చినా అదే నియమం. దీనికి 18 వేలయింది. కుక్కకి పెట్టిన 25 వేల కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు అది.

సుబేదార్ గారు భీముడి ఇనప గొలుసు కూడా తీసేయించారు. పగలంతా కట్టేసిన కుక్కకి కోపం పెరుగుతుంది కానీ తెలివి పెరగదట. గొలుసు బదులు వెడల్పాటి మెడపట్టీ, ఛాతీ చుట్టూ హార్నెస్, ఆరడుగుల నైలాన్ తాడు. తాడు బిగుసుకుంటే నేను ఆగిపోవాలి, వదులైతేనే నడవాలి. మొదటి వారం మా గేటు నుంచి కానుగ చెట్టు దాకా వెళ్ళడానికి 20 నిమిషాలు పట్టింది. 54 కిలోల మనిషిని నేను, వాణ్ణి బలంతో ఆపలేను. వాడు నా మాటకి ఆగాలి, వేరే దారి లేదు. కూర్చో, ఆగు, వదులు. ఈ మూడు మాటలూ తెలుగులోనే నేర్పాను. "వదులు" అన్నది అన్నిటికంటే పెద్ద చదువు. నోట్లో తాడుబొమ్మ ఉండగా చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టి, బొమ్మ వదిలిన క్షణంలో ముక్క ఇచ్చి, మళ్ళీ బొమ్మ కూడా ఇచ్చేయాలి. వదిలితే పోదు, ఇంకా వస్తుంది అని వాడికి తెలియాలి. రోజుకి పది నిమిషాలు, ఇప్పటికీ మానలేదు.

తర్వాత మూతిబుట్ట. ఎద్దులకి చిక్కం కట్టినట్టే, కాకపోతే నోరు తెరిచి రొప్పడానికి, నీళ్ళు తాగడానికి వీలుండాలి. బిగుతుగా నోరు మూసేసే గుడ్డపట్టీ మన ఎండలకి ప్రమాదం, కుక్క నోటితోనే వేడి వదులుతుంది. బుట్టని మొదటి రోజు నేల మీద పెట్టి వాసన చూడనిచ్చాను. మూడో రోజు లోపల పెరుగు రాసి పట్టుకున్నాను, వాడే మూతి పెట్టి నాకాడు. వారం తర్వాత పట్టీ ఒక్క క్షణం పెట్టి తీశాను. మూడు వారాలకి బుట్ట చూస్తే తోక ఊపుకుంటూ తనే వచ్చి మూతి దూర్చేవాడు. దాన్ని చూసి వీధిలో కొందరు "పాపం" అంటారు. పాపం కాదు. ఆ బుట్ట ఉంది కాబట్టే వాడు రోజూ బయటి గాలి పీలుస్తున్నాడు.

తోక ఊపుతోంది కదా, ఏం చెయ్యదులే అనే మాటని మాత్రం నమ్మకండి. ఒళ్ళంతా వదులుగా ఊగుతూ తోక ఊపడం వేరు, ఒళ్ళు కర్రలా బిగిసి, నోరు మూసుకుని, చూపు ఒకచోట నిలిచి, తోక నిటారుగా వేగంగా కదలడం వేరు. రెండోది చూసినప్పుడు నేను వాడి పేరు కూడా పిలవను, వెనక్కి తిరిగి నడుస్తాను. మా అన్నయ్య మనవలు వచ్చినప్పుడు భీముడు వేరే గదిలో ఉంటాడు. నేను అక్కడే ఉన్నాను కదా అని కూడా వదలను.

పిట్‌బుల్ గురించి రెండు కట్టుకథలు తిరుగుతున్నాయి. దాని దవడకి తాళం పడుతుందని ఒకటి. అలాంటి తాళం ఏ కుక్క దవడలోనూ లేదు. దానికి ఉన్నది పట్టింది వదలని పంతం. ఇంగ్లండ్‌లో ఎద్దుల మీదికీ ఎలుగుల మీదికీ కుక్కల్ని ఉసిగొల్పే ఆటని 1835లో చట్టం నిషేధిస్తే, జూదగాళ్ళు గోతుల్లో కుక్కల్నే ఒకదాంతో ఒకటి కొట్లాడించారు. బుల్‌డాగ్ బలం, టెరియర్ చురుకు కలిపి అందుకోసమే ఈ జాతిని తయారు చేశారు. పేరులో ఉన్న పిట్ ఆ గొయ్యే. రెండో కట్టుకథ పిట్‌బుల్ ప్రేమికులది, ఒకప్పుడు ఇది పిల్లల్ని ఆడించే ఆయా కుక్క అని. దానికి చరిత్రలో ఆధారం లేదు. భీముడు నా ఒళ్ళో తల పెట్టి నిద్రపోతాడు, మావారి మోకాళ్ళు నొప్పి పెడుతుంటే పక్కనే కూర్చుంటాడు. నాకు వాడంటే ప్రాణం. అయినా వాడి తాతముత్తాతల్ని ఎందుకు పెంచారో మరిచిపోయి వాణ్ణి పెంచలేను.

కాలనీ కుర్రాళ్ళు "చెవులు కోయించలేదేంటి ఆంటీ, అప్పుడే కదా లుక్కు" అంటారు. అందం కోసం జంతువు అవయవం కోయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. కుక్కల్ని కొట్లాడించడమూ నేరమే. మొదటిసారి పట్టుబడితే జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. 60 ఏళ్ళు దాటినా ఆ అంకె మారలేదు. మన నిర్లక్ష్యం వల్ల మన జంతువు మనిషికి ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. కుక్కని కొనే కుర్రాళ్ళలో ఈ సెక్షన్ విన్నవాళ్ళు నాకింతవరకు కనబడలేదు.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకి లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వైలర్ అందులో ఉన్నాయి. ఎవరినీ సంప్రదించకుండా జారీ చేశారని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ లేఖ వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోర్టు కొట్టేసిందని విన్న రోజు సంతోషమూ కలగలేదు. ఎందుకంటే ఆ లేఖతో అమ్మేవాడి దొంగ వ్యాపారం ఇంకా లోపలికి పోతుంది, కొట్టేస్తే మళ్ళీ బాహాటంగా సాగుతుంది. రెండు దారుల్లోనూ మా గేటుని చూసేవాడు లేడు.

మావాడు ఇప్పుడుంటున్నది డెన్వర్‌లో. ఆ ఊళ్ళో 1989 నుంచి పిట్‌బుల్ నిషేధం ఉండేది. 2020 నవంబరులో జనం ఓటేసి దాన్ని ఎత్తేశారు, బదులుగా పర్మిట్ పెట్టారు. కుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, రేబిస్ టీకా ఉండాలి, ఒంట్లో చిప్ ఉండాలి. వీటితోపాటు అత్యవసరంలో పిలవడానికి ఇద్దరి వివరాలు రాసివ్వాలి. మావాడు ఫోన్లో ఇది చదివి వినిపించి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను మీ ఇద్దరి పేర్లూ అడక్కుండానే రాసేశాను కదమ్మా" అన్నాడు.

హైదరాబాద్‌లో పెంపుడు కుక్కకి నగరపాలక సంస్థ లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు ఇచ్చే అధికారులకి నా విన్నపం ఒక్కటే. పిట్‌బుల్ లాంటి బలమైన జాతులకి లైసెన్సు ఇచ్చేముందు ఇంటికొచ్చి గేటు చూడండి. యజమాని ఊళ్ళో లేనప్పుడు కుక్కని చూసే రెండో మనిషి పేరు రాయించుకుని, ఆ మనిషి చేత సంతకం పెట్టించండి. ఆ సంతకం దగ్గరే సగంమంది ఆగిపోతారు, ఆగిపోవడమే మేలు.

భీముడి కాగితాల్లో మావాడి పేరు తీసేయించి నా పేరు పెట్టించాను. నాకు ఒంట్లో బాగాలేనప్పుడు సుబేదార్ గారు చూస్తానన్నారు, ఆయన నంబరు ఫ్రిజ్ మీద అతికించి ఉంది. బయానా ఇవ్వబోతున్న అబ్బాయిలకి ఒక మాట. కొనేముందు పెద్ద పిట్‌బుల్ ఉన్న ఇంటికి మీ అమ్మని తీసుకెళ్ళండి. ఆ యజమానిని పక్కనే ఉండమని, మూతిబుట్ట కట్టించి, తాడు ఆవిడ చేతికిచ్చి వీధి చివరిదాకా నడిపించండి. తిరిగొచ్చాక అడగండి. ఆవిడ వద్దంటే తేవద్దు.