"మాకేమైంది?" అనే పెద్దలకు

సంక్రాంతి పనులు మొదలయ్యాయని మామయ్యగారింటికి వెళితే హాలు నిండా దుమ్ము. పాత ఇల్లు. టేకు తలుపులు, కిటికీ ఊచల మీద 40 ఏళ్లుగా పూత మీద పూతగా ఎనామెల్. పెయింటరు ఉప్పుకాగితం పట్టుకుని బరబరా గీకుతున్నాడు. ఆ కిటికీ కిందే పది నెలల మనవరాలు పాకుతోంది. తడి అరచెయ్యి నేలకు ఆనిస్తుంది, నోట్లో పెట్టుకుంటుంది. బిడ్డను చంకనేసుకుని బయటికొచ్చి అరిచాను. మామయ్య నవ్వారు. "ఏమిట్రా నీ హడావుడి? మీరంతా ఈ ఊచలు నాకి పెరిగినవాళ్లే. మీకేమైంది?"

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏమైందో ఎవరు కొలిచారు? ఆ పాత పూతల దుమ్ములో ఉండే సీసం మా తరంలో ఏ పిల్లాడి రక్తంలో ఎంత చేరిందో చూశారు? లెక్కలు రాకపోతే మొద్దన్నారు, కుదురుగా కూర్చోకపోతే వీపు వాయగొట్టారు. ఆ మొద్దుల్లో సీసం మింగినవాళ్లెందరో ఇప్పుడెవరు చెప్పగలరు? సీసం పసివాళ్ల చదువునీ కుదురునీ దెబ్బతీస్తుంది, జ్వరమో దద్దురో వచ్చి మనల్ని హెచ్చరించదు. శరీరం దాన్ని కాల్షియమనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. మింగిన సీసం పెద్దలకంటే పసివాళ్ల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. ఇంతవరకు ఫరవాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020 డిసెంబరులో ఏలూరులో జనం మూర్ఛలొచ్చి పడిపోయినప్పుడు, రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పగానే ఊరూవాడా సీసం మాటే. అది రంగుల వల్లని నేననడం లేదు. అంత భయపడ్డవాళ్లం ఇంట్లో గోడ వైపు ఒక్కసారైనా చూడలేదన్నదే నా బాధ.

అన్నిటికంటే నా కోపం గడప మీది పసుపు మీద. రోజూ పసుపు రాసి బొట్లు పెట్టే ఓపిక లేక పసుపు ఎనామెల్ పులిమి, ఎర్ర చుక్కలు దించేశాం. పాత ఎనామెళ్లలో ఆ పచ్చటి మెరుపు చాలావరకు లెడ్ క్రోమేట్‌దే. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు పంచుకునే మనం, ఆ మధ్య పాకే నెలల్లో బిడ్డ నోరు ఎక్కడ ఆనిందో చూడం. గడప పట్టుకునే గదా నిలబడటం నేర్చుకునేది! ఏటికొప్పాకలో లక్కబొమ్మలకు చెట్ల నుంచి తీసిన రంగులద్దుతారు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువని వాళ్లకు తెలుసు. పాకే బిడ్డకు గడప కూడా బొమ్మే.

చట్టం వచ్చిందిగా అంటారు. వచ్చింది. 2017 నవంబరు 1 నుంచి ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 మించకూడదు. అది కొత్త డబ్బాకు. అడుగునున్న పాత పూతలకు ఏ చట్టం అడ్డం?

ఇక, అంతా గీకితేనే కొత్త రంగు పట్టుకుంటుందనే వాదన. పెచ్చులు లేవని పాత రంగును కదపకుండా పైన వేసుకోవచ్చు. లేచినచోట నీళ్లు చల్లి, వాటర్ పేపరుతో తడిగా రుద్దాలి. కింద ప్లాస్టిక్ పట్టా పరవాలి. బ్లో ల్యాంపుతో కాల్చకూడదు. చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి. పిల్లలూ గర్భిణులూ ఆ ఇంట్లో ఉండకూడదు.

సాయంత్రం పెయింటరు చొక్కా దులుపుకుని సైకిలెక్కబోతున్నాడు. ఇంటికెళ్లగానే మీదికెక్కే రెండేళ్ల కొడుకున్నాడట. బావి దగ్గర స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళ్లమని బతిమాలాను. రేపటినుంచి తడిపి రుద్దించమంటే మామయ్య ఒప్పుకోలేదు. పండక్కి ఆలస్యమవుతుందట. పని అయ్యేదాకా మా ఇంట్లోనే ఉంటారని చెప్పి తల్లినీ బిడ్డనీ తీసుకొచ్చేశాను.