ఖైనీ కోసం పిల్లల్ని కొట్టుకి పంపొద్దు


ఉండి చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద కాపలా ఉండే మన యానాది ఇళ్లల్లో పిల్లలకి ఖైనీ ఎవరు అలవాటు చేస్తున్నారు? మనమే. రాత్రి కాపలాలో నిద్ర రాకుండా పెద్దోళ్లు నములుతారు. "ఒరేయ్, ఓ ప్యాకెట్ పట్రా" అంటారు. మనమూ ఒకప్పుడు అలా తెచ్చినోళ్లమే. తెచ్చినవాడు ఒకరోజు చిటికెడు దవడలో పెట్టుకుంటాడు. ఆ తర్వాత ఆకలి చచ్చిపోతుంది, నోరు పాడవుతుంది, బడి దూరమవుతుంది.

18 ఏళ్లలోపు వాళ్లకి పొగాకు అమ్మకూడదని 2003 నుంచే చట్టం ఉంది. పిల్లలకి ఇస్తే 7 ఏళ్ల దాకా జైలని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. అమ్మేవాణ్ణి నిలదీద్దాం, సరే. ముందు సెలవులకి ఇంటికెళ్లినప్పుడు నాన్నకి, బాబాయికి మనమే నచ్చజెబుదాం. మన చదువు ఆ గట్టుదాకా చేరకపోతే ఇంకెందుకు?
జై ఆదివాసీ!