బంకుకు భూమి ఇస్తే బోరుకు పూచీ ఎవరిది?

హైవే వెడల్పు చేసిన ప్రతిచోటా పెట్రోలు బంకులు లేస్తున్నాయి. రోడ్డు పక్క అర ఎకరం ఇరవై, ముప్పై ఏళ్లకు లీజుకిస్తే నెలనెలా అద్దె వస్తుంది. వేరుశెనగ మీద ఏనాడూ కళ్లజూడని డబ్బు అది. ఇచ్చే రైతును మేం తప్పు పట్టడం లేదు. మా పేచీ లీజు కాగితంతోనే. అద్దె ఎంత, ఎన్నేళ్లకోసారి పెంచుతారు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిది, అన్నీ రాసుకుంటున్నాం. భూమిలో పాతిన ట్యాంకు కారితే ఆ నేలనూ నీళ్లనూ ఎవరు బాగుచేయాలో మాత్రం రాసుకోవడం లేదు.

ట్యాంకు కారడం పైకి కనబడదు. పెట్రోలు నీటికంటే తేలిక కాబట్టి నేలలోకి దిగి భూగర్భజలం మీద తెట్టులా తేలుతుంది. అందులోని బెంజీన్ కొంత నీళ్లలో కరిగి, నీళ్లతో పాటే నడుస్తుంది. క్యాన్సర్ తెచ్చే పదార్థమిది. తాగే నీళ్లలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన దేశంలో పెట్రోలులో 1 శాతం దాకా బెంజీన్ ఉండొచ్చు. లెక్క కట్టి చూడండి. ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ 8 లక్షల లీటర్ల నీళ్లను ఆ హద్దు దాటించగలదు.

మన రాతి నేలల్లో ఇంకో తిరకాసుంది. ఇక్కడ నీళ్లు బండ పగుళ్ల వెంట పోతాయి. బంకు పక్క బోరు బాగానే ఉండి, నాలుగు చేల అవతలి బోరు వాసన కొట్టొచ్చు. ఎండాకాలంలో ఆగకుండా మోటార్లు ఆడిస్తే ఆ పాడు నీళ్లను మనమే మన వైపు లాక్కుంటాం.

అమెరికా వాళ్ల హవాయిలో రెడ్ హిల్ అనే కొండ కింద వాళ్ల నౌకాదళానికి 20 భారీ ఇంధన ట్యాంకులు ఉండేవి. 1940లలో కట్టినవి. వాటికి సుమారు 100 అడుగుల కిందే తాగునీటి ఊట. 2014లో ఒక ట్యాంకు కారింది. ఊటకు ముప్పని జనం ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2021 నవంబరులో విమాన ఇంధనం నీళ్లలో కలిసి దాదాపు 93 వేల మంది కుళాయిల్లోకి వచ్చింది. అప్పుడుగానీ, 2022 మార్చిలో, మూసేస్తామని ప్రకటించలేదు. ట్యాంకులు ఖాళీ చేయడానికే మరో రెండేళ్లు పట్టింది. అంత డబ్బున్న సైన్యానికే అన్నేళ్లు పడితే, బీమా ప్రీమియం కట్టలేని మనం సొంత ఖర్చుతో బోరు శుభ్రం చేసుకోగలమా?

శుభ్రం చేసే పద్ధతులు లేక కాదు. ముందు కారడం ఆపాలి, చమురు పట్టిన మట్టి తవ్వి తీసేయాలి, తేలుతున్న ఇంధనాన్ని తోడాలి. మిగిలినదాన్ని తినే సూక్ష్మజీవులకు నేలలోకి గాలి పంపాలి. ఇదంతా నెలల పని కాదు, ఏళ్ల పని.

2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త బంకులకు 50 మీటర్ల దూరం నియమం పెట్టింది. అది బడులు, ఆసుపత్రులు, నివాస ప్రాంతాల నుంచి కొలిచే దూరం. సాగు బోరు ఊసు ఆ కొలతలో లేదు. ఊరి జనం తాగేది కూడా ఆ చేల బోర్ల నీళ్లేనని ఢిల్లీలో ఎవరికీ తట్టినట్టు లేదు. ఆ దూరంలో బోర్లను, బావులను చేర్చాలని మనం డిమాండ్ చేయాలి.

ఉన్న చట్టాన్నీ వాడుకోవాలి. పాడుచేసినవాడే ఖర్చు భరించాలన్నది 1996లో రాజస్థాన్ బిచ్చిరి గ్రామ బావుల కేసులో సుప్రీంకోర్టు తేల్చిన మాట. 2025 జులైలో వచ్చిన కలుషిత స్థలాల నియమాల ప్రకారం అనుమానం ఉన్న చోటు గురించి జిల్లా యంత్రాంగానికి మనమే ఫిర్యాదు చేయొచ్చు. నష్టపరిహారానికి చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు పోవచ్చు. దానికి సాధారణంగా ఐదేళ్ల గడువు.

అయితే అక్కడ అడిగే మొదటి ప్రశ్న, "మీ బోరు ముందు బాగుండేదని రుజువేది?" అని. అందుకే బంకుకు గుంత తవ్వకముందే చుట్టుపక్కల బోర్ల నీళ్లను గుర్తింపు పొందిన ల్యాబులో బెంజీన్‌కు పరీక్ష చేయించి, రిపోర్టు దాచుకోండి. ఆ ఖర్చు బంకు పెట్టేవాళ్లే భరించాలని, లీజు ముగిశాక ట్యాంకు తీసి, మట్టి పరీక్షించి భూమి అప్పగించాలని కాగితంలో రాయించండి. సంతకం పెట్టే ముందు ఆ కాగితం మండల కమిటీకి తెచ్చి చూపండి.