ఓడిపోయే హక్కయినా ఇవ్వండి



తెలుగు పండితునిగా బ్రతుకంతా పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఛందస్సును వదలి బంతి మీద పడ్డాడేమిటని ఆశ్చర్యపోకండి. మా నెల్లూరు సముద్రతీరపు బడిలో, ఆటల మాస్టారు లేని సంవత్సరాలలో ఈల ఊదిన చేయి కూడా ఇదే. ఆ రోజుల్లో ‘బుట్టబంతి’ అని అనువదించి చూశాను గానీ పిల్లలెవరూ ఆ మాట పలకలేదు. కనుక బాస్కెట్‌బాల్ అనే వ్రాస్తాను.

మొన్న ఒక మిత్రుడు తన టపాలో, మన దేశపు బాస్కెట్‌బాల్‌కు జాతీయస్థాయి నాకౌట్ కప్పు అక్కరలేదనీ, ఒక్క ఆటతో జట్టును ఇంటికి పంపడం జూదంతో సమానమనీ, నాణ్యత కావాలంటే కొన్ని నగరాల లీగే శరణ్యమనీ తీర్మానించారు. వారి మీద గౌరవం ఉంది. వారి తీర్మానం మాత్రం నాకు మింగుడుపడలేదు.

ముందు జూదం సంగతి. ఫుట్‌బాల్‌లో ఒకే ఒక్క గోలు ఫలితాన్ని తారుమారు చేయవచ్చు. బాస్కెట్‌బాల్‌లో 40 నిమిషాలలో రెండు జట్లూ పదులకొద్దీ బుట్టలు వేస్తాయి. ఒక్క పొరపాటుతో బలమైన జట్టు కూలిపోదు. పైగా ఈ ఆటలో డ్రా లేదు. సమానమైతే మరో 5 నిమిషాలు ఆడించి తేలుస్తారు. ఒక్క పోటీతో జయాపజయాలు నిర్ణయించడానికి ఇంతకన్న తగిన ఆట ఏముంది?

ఇక లెక్క. ఎనిమిది జట్లు ఒకదానితో ఒకటి రెండేసిసార్లు ఆడితే 56 పోటీలు. నాకౌట్ పద్ధతిలో ఒక్కో పోటీకి ఒక్కో జట్టు ఇంటికి పోతుంది కనుక 64 జట్లకు 63 పోటీలు చాలు. ఏడు పోటీలు అదనంగా పెట్టుకుంటే ఎనిమిది రెట్ల ఊళ్ళకు చోటు దొరుకుతుంది. తొలి దశలను జిల్లాలలోనే ఆడిస్తే పిల్లలు బస్సెక్కి వెళ్ళి రాత్రికి ఇల్లు చేరతారు. ఖర్చు భరించలేమనే పెద్దలు ఈ గుణకారం ఎప్పుడైనా చేసి చూశారా?

ఇప్పుడున్న ఏర్పాటు ఏమిటి? 2015లో మొదలై 2017తో ఆగిపోయిన యూబీఏ లీగులో తెలుగువారికి హైదరాబాద్ స్కై ఒక్కటే జట్టు. 2022లో ఆరు నగరాలతో మొదలైన ఐఎన్‌బీఎల్‌లో చెన్నై, బెంగుళూరు, కొచ్చి ఉన్నాయి, తెలుగునగరం ఒక్కటీ లేదు. 2025లో జరిగిన ఐఎన్‌బీఎల్ ప్రోలో హైదరాబాద్‌కు చోటు దక్కింది, ఆంధ్రప్రదేశ్‌కు దక్కలేదు. పేరు లేకపోవడం మీద నాకు ఏడుపు లేదు. ఆడి ఓడిపోయి ఉంటే తలవంచుతాను. కాని ఈ జట్లలో ఏదీ కింది నుండి గెలుచుకుంటూ పైకి వచ్చినది కాదు. నగరం పేరును యజమాని తీసుకుంటాడు, ఆటగాళ్ళను తెచ్చుకుంటాడు. నెల్లూరో, కావలో ఎంత బాగా ఆడినా లోనికి పోయే ద్వారమే లేదు. ఫెడరేషన్ కప్పు పేరుతో ఒకటి ఉండేది. దానిలోనూ ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు వంటి ఉద్యోగుల జట్లదే పైచేయి.

నాకౌట్ కప్పు ఏం చేయగలదో తెలుగుదేశానికి తెలియనిది కాదు. ఆట వేరైనా చరిత్ర మనదే. హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకుంది. 1950లోనే డ్యూరాండ్ కప్పు తుదిపోరులో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. దానికి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం గారు, మొదట నావలె బడిపంతులు. ఆయన తీర్చిన భారతజట్టే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఫుట్‌బాల్ రాజధాని అనిపించుకున్న కలకత్తాకు పోలీసుల సత్తా తెలిసింది ఎవరో పిలిచి ఫ్రాంచైజీ ఇచ్చినందువల్ల కాదు, కప్పులో ఎదురుపడినందువల్ల.

పరదేశంలోనూ ఇదే కథ. స్పెయిన్ బాస్కెట్‌బాల్ రాజకప్పులో ఎనిమిది జట్లు ఒకే నగరంలో నాలుగు రోజులలో తలపడతాయి. 2023లో మాలగా అనే రేవుపట్నపు జట్టు మొదట బార్సెలోనాను, తరువాత రియల్ మాడ్రిడ్‌ను, చివరకు తెనెరిఫేను ఓడించి కప్పెత్తుకుంది. దీర్ఘమైన లీగులో ధనబలం మెల్లమెల్లగా పైకి తేలుతుంది. కప్పులో చిన్నవాడికి మూడు మంచి రోజులు చాలు.

“మీ పల్లె జట్టు వంద పాయింట్ల తేడాతో ఓడిపోతుంది కదా” అంటారా? ఓడిపోనివ్వండి. నేను అడిగేది గెలుపు కాదు.

మా బడిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పట్టపువారి బిడ్డ, తాటిచెట్టులా ఎదిగాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన రింగు కింద, సిమెంటు గచ్చు మీద వట్టికాళ్ళతో ఆడేవాడు. మండలం గెలిచాడు, జిల్లాలో ఓడాడు. పదో తరగతి అయిపోయిన రోజున వచ్చి, “ఇంక మాకు ఆటెప్పుడు అయివోరా?” అని అడిగాడు. ధాతువులకూ ప్రత్యయాలకూ జవాబు చెప్పగలిగిన నేను దానికి చెప్పలేకపోయాను. ఇప్పుడతడు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉంటాడు. ఆ రింగు స్తంభానికి ఇప్పుడు వలలు ఆరవేస్తున్నారు.

అతడు గొప్ప ఆటగాడు అయ్యేవాడని నేననను. కాకపోవచ్చు. కాని తాను ఎంతటివాడో తెలుసుకొనే అవకాశం అతనికి రాలేదు. తనకన్న మేలైనవాడి చేతిలో ఓడి, వచ్చే ఏడు మళ్ళీ వస్తానని చెప్పుకొనే భాగ్యం కూడా లేకపోయింది. బడి విడిచిన పిల్లలకు ఏటా ఒక్క పోటీ ఖాయమని తెలిస్తే రింగుకు రంగు వేయించేవాడు ఊరికి ఒక్కడైనా పుడతాడు.

లీగులు ఉండనివ్వండి, కాదనను. వాటి పక్కన ఏ ఊరి జట్టయినా పేరు నమోదు చేసుకోగల కప్పు ఒకటి, జిల్లా మెట్టు నుండి మొదలయ్యేది, పెట్టమంటున్నాను. నాణ్యత పేరు చెప్పి తలుపు మూయడం తగదని ఆ మిత్రునికి సవినయంగా మనవి. నా లెక్కలో తప్పుంటే వ్యాఖ్యలలో చూపండి, దిద్దుకుంటాను. ఆ పిల్లవాడి ప్రశ్నకు మీ దగ్గర జవాబుంటే అదీ వ్రాయండి.